నేల మీది పెనుగులాట, తలకు తగిలే తన్ను: నిజమైన కొట్లాటలో వీటి సంగతి

కిందటి పాఠంలో కుస్తీ, జూడో, టైక్వాండో క్రీడల నియమాలను తెలుసుకున్నారు. ఆ పాఠం పూర్తయ్యాక కాంటాక్ట్ తరగతుల్లో ఎవరో ఒకరు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు: "సార్, నిజంగా కొట్లాట వస్తే వీటిలో ఏది పనికొస్తుంది?" నేను నోరు విప్పేలోగా తరగతిలోంచే రెండు జవాబులు వచ్చేస్తాయి. ఏ కొట్లాటైనా చివరికి నేల మీదికే చేరుతుంది, కాబట్టి కింద పడి పట్టే పట్లు నేర్చుకోవాలన్నది ఒకటి. తలకు గురిచూసి ఒక్క తన్ను తంతే కథ ముగిసిపోతుందన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ ఆ నిజం పుట్టింది బరిలో. బరిని దాటి వీధిలోకి వచ్చేసరికి అది ఎలా మారిపోతుందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

డెన్వర్, 1993

ఈ రెండు జవాబులకూ ప్రచారం తెచ్చిన సంఘటన ఒకటుంది. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్ నగరంలో అల్టిమేట్ ఫైటింగ్ చాంపియన్‌షిప్ మొదటి పోటీలు జరిగాయి. ఎనిమిది మంది పోటీదారులు. ఒక్కొక్కరిదీ ఒక్కో విద్య. కొరకడం, కళ్లు పొడవడం తప్ప దాదాపు అన్నిటికీ అనుమతి ఉంది. బరువును బట్టి విభజన లేదు.

ప్రసారమైన మొదటి పోటీ 26 సెకన్లలో ముగిసింది. హవాయికి చెందిన సుమో వస్తాదు టైలా తులి ముందుకు దూకి, అదుపు తప్పి కంచె దగ్గర కూలబడ్డాడు. ఎదుటివాడు నెదర్లాండ్స్‌కు చెందిన జెరార్డ్ గోర్డో. కూర్చుని ఉన్న తులి ముఖం మీద అతడు తన్నగానే పన్ను ఊడి ఎగిరిపడింది. రిఫరీ పోటీని ఆపేశాడు. అదే రాత్రి బ్రెజిల్‌కు చెందిన రాయిస్ గ్రేసీ ముగ్గురిని వరుసగా నేల మీదికి లాగి, లొంగదీసి విజేత అయ్యాడు. ఆ ముగ్గురిలో ఒకరు బాక్సర్, చివరివాడు గోర్డోయే. గ్రేసీ మిగతావారితో పోలిస్తే బక్కపలుచటివాడు. జపాన్ నుంచి వెళ్లిన మిత్సుయో మాయెదా ద్వారా బ్రెజిల్‌కు చేరిన జూడో, అక్కడ గ్రేసీ కుటుంబం చేతుల్లో నేల మీది పట్లకు ప్రాధాన్యమిచ్చే విద్యగా పెరిగింది.

చూసినవారికి ఆ రాత్రి రెండు పాఠాలు కనిపించాయి: నేల మీది పట్టు గెలుస్తుంది, తలకు తన్ను తగిలితే ఆట ముగుస్తుంది. అయితే గ్రేసీ గెలిచినప్పుడు అతడి వీపు కింద మెత్తటి పరుపు ఉంది, ఎదురుగా ఒక్కడే ఉన్నాడు, లొంగిపోయినవాడు చేత్తో తట్టగానే విడిపించే రిఫరీ ఉన్నాడు. ఈ మూడూ లేని చోట ఆ పాఠాలు చెల్లుతాయా అన్నది అప్పట్లో ఎక్కువమంది అడగలేదు. పోటీ నిర్వాహకులు మాత్రం త్వరలోనే కొంత నేర్చుకున్నారు. ఆ తర్వాత అమెరికాలో స్థిరపడిన ఉమ్మడి నియమావళి, కింద పడినవాడి తలను తన్నడాన్ని నిషేధించింది. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. జపాన్‌లో జరిగిన ప్రైడ్ పోటీల్లో చాలాకాలం అలాంటి తన్నును అనుమతించారు. 2007లో ఆ పోటీలే ఆగిపోయాయి.

"కొట్లాటలన్నీ నేల మీదికే" అనేవారు లాస్ ఏంజెలెస్ పోలీసుల నివేదికలను సాక్ష్యంగా చూపుతారు. వాటి ప్రకారం సగానికి పైగా ఘర్షణలు నేల మీదే ముగిశాయన్నది నిజమే. కానీ పోలీసు పని ఏమిటి? మనిషిని పడుకోబెట్టి బేడీలు వేయడం. పడేయాలని పడేసిన లెక్కను తీసుకొచ్చి, పారిపోవాలనుకునేవాడికి సలహాగా ఇవ్వడం సరికాదు.

నేల అంటే ఏ నేల?

మన గోదాలో మట్టిని తవ్వి మెత్తగా చేస్తారు. పహిల్వాన్ పొద్దున్నే పార పట్టి మట్టి తిరగేయడం కూడా వ్యాయామంలో భాగమే. జూడోకు టాటామీ చాపలుంటాయి. వీధిలో ఉండేది సిమెంటు రోడ్డు, గచ్చు, మెట్టు అంచు, కాలువ గట్టు. ఈ తేడా ఎంతో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

1.7 మీటర్ల ఎత్తున్న మనిషి స్పృహ తప్పి, నిలువు కర్రలా వెనక్కి పడ్డాడనుకోండి. కర్ర పైకొన నేలను తాకే వేగం, మూడు, గురుత్వ త్వరణం, ఎత్తు ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలం. అంటే 3 × 9.8 × 1.7కు వర్గమూలం. ఇది సెకనుకు సుమారు 7 మీటర్లు, గంటకు 25 కిలోమీటర్లు. నిజానికి మోకాళ్లు మడతపడతాయి కాబట్టి వేగం కొంత తగ్గుతుంది. ఇది పై అంచనా. ఇప్పుడు ఆ తల ఎంత దూరంలో ఆగుతుందో చూడాలి. పరుపు 5 సెంటీమీటర్లు లోపలికి అణిగితే తల మీద పడే త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 50 రెట్లు. సిమెంటు అణగదు; తల చర్మం, వెంట్రుకలు కలిసి ఇచ్చేది 5 మిల్లీమీటర్లు అనుకుంటే అది 500 రెట్లు. పడినవాడు అదే, పడిన ఎత్తూ అదే. మారింది నేల ఒక్కటే. (ఆగే దూరం 1 సెంటీమీటరు అయితే ఎంతవుతుందో మీరే లెక్కించండి. వేగ వర్గాన్ని ఆగే దూరానికి రెట్టింపుతో భాగించి, వచ్చినదాన్ని 9.8తో భాగించాలి.)

ఒక్క దెబ్బకే మనిషి చనిపోయాడని పత్రికల్లో వార్తలు చూస్తుంటాం. వాటిలో చాలావాటిని జాగ్రత్తగా చదివితే పిడిగుద్దు మనిషిని పడేసిందనీ, ప్రాణం తీసింది రోడ్డనీ తెలుస్తుంది. స్పృహ ఉన్నవాడు పడేటప్పుడు చేతులు అడ్డం పెడతాడు, మెడ బిగిస్తాడు. స్పృహ తప్పినవాడికి ఆ రెండూ ఉండవు.

నిలబడినవాడి తల, పడినవాడి తల

నిలబడినవాడి తల వరకు కాలు లేపడం కష్టమైన విద్య. ఆ క్షణంలో తన్నేవాడు ఒంటికాలి మీద ఉంటాడు. టైక్వాండోలో తలకు తగిలిన తన్నుకు 3 పాయింట్లు, ఒళ్లు తిప్పి తంతే 5 పాయింట్లు ఇస్తారు కాబట్టి క్రీడాకారులు దాన్ని ఏళ్లతరబడి సాధన చేస్తారు. ఆ ఆటలో ఎదుటివాడు కాలు పట్టుకోకూడదు, ముఖం మీద గుద్దకూడదు. కాలు జారి పడితే రిఫరీ ఆపి లేపుతాడు, ఒక పాయింటు మాత్రం పోతుంది. వీధిలో కాలు పట్టుకోవడానికి అడ్డెవరు? పైగా బిగుతు జీన్సు, అరిగిన చెప్పులు, తడి నేల. ఒళ్లు వేడెక్కించుకునే వ్యవధి కూడా ఉండదు. తన్నేవాడే వెల్లకిలా పడటం నేను చాలాసార్లు చూశాను. సినిమాల్లో అలా జరగదు, అక్కడ తాళ్లుంటాయి.

పడినవాడి తల విషయంలో ఈ కష్టాలేవీ ఉండవు. నేర్పు అక్కర్లేదు, ఎవరైనా తన్నగలరు. ఒక కాలి బరువు మనిషి బరువులో సుమారు ఆరో వంతు. 60 కిలోల మనిషికి 10 కిలోలు. తల బరువు అందులో సగం. నిలబడినప్పుడు దెబ్బ తగిలితే తల, మెడ, ఒళ్లు వెనక్కి కదిలి కొంత శక్తిని తీసుకుంటాయి. తలను నేలకు ఆన్చి పైనుంచి తొక్కితే అది కదిలే చోటే లేదు. పుర్రె రాయికీ మడమకూ నడుమ నలుగుతుంది. పక్కనుంచి తంతే తల గిర్రున తిరిగి లోపలి మెదడు మెలిపడుతుంది. అందువల్ల "తలకు తన్ను" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులున్నాయి: ఒకటి తగలడమే అరుదైన విన్యాసం, రెండోది పసిపిల్లవాడికీ సాధ్యమైన ప్రాణాంతక చర్య. భారతంలో తొడలు విరిగి పడిన దుర్యోధనుడి తలను భీముడు కాలితో తన్నినప్పుడు, తన పక్షమే అయినా ధర్మరాజు వారించాడు.

ఇప్పుడు మొదటి జవాబుకు మళ్లీ వద్దాం. కింద పడి ఒకణ్ణి రెండు చేతులా, రెండు కాళ్లా బిగించి పట్టుకున్నారు. చక్కటి పట్టే. కానీ మీ తల నేల మీద ఉంది, చేతులు ఖాళీగా లేవు. అప్పుడు అతడి స్నేహితుడు వస్తే మీ తల ఎవరి కాలి కింద ఉంటుంది? వీధి గొడవల్లో స్నేహితులు రాకుండా ఉండరు. ఈ కారణంగా నేల మీది విద్యలో రెండు అంశాలనే నేను అందరికీ నేర్పమంటాను. ఒకటి, జూడోలో ఉకెమి అనే పడే పద్ధతి: గడ్డాన్ని ఛాతీకి ఆన్చి, తల వెనుకభాగం నేలకు తగలకుండా పడటం. రెండోది లేచే పద్ధతి: ఒక చెయ్యి వెనక నేలకు ఆన్చి, ఒక కాలు మడిచి, రెండో కాలు ఎదుటివాడికి అడ్డంగా ఉంచి, ముఖం అతడి వైపే పెట్టి వెనక్కి లేవడం. లేచాక చేయాల్సింది పరుగు. మిగతా పట్లు ఆటగా నేర్చుకోండి, ఎంతో మంచి ఆట.

చట్టం ఏం చూస్తుంది?

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును చెబుతాయి. రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేసే హక్కు లేదని 37వ సెక్షన్ హద్దు గీస్తుంది. మీద పడుతున్నవాణ్ణి తోసినప్పుడు ఆ హక్కు మీ వైపు ఉండవచ్చు. అతడు పడి కదలకుండా ఉన్నప్పుడు వెళ్లి తంతే, దేని నుంచి రక్షించుకున్నారో చెప్పడం కష్టం.

101వ సెక్షన్‌లోని నాలుగో మినహాయింపును శ్రద్ధగా చదవండి. ముందస్తు ఆలోచన లేకుండా, హఠాత్తుగా రేగిన తగాదాలో ఆవేశంతో జరిగిన మరణం హత్య కాకుండా పోవచ్చు. ముందు ఎవరు చెయ్యి చేసుకున్నారన్నది ఈ మినహాయింపులో లెక్కలోకి రాదు. కానీ నిందితుడు అనుచితమైన అవకాశం తీసుకోకూడదు, క్రూరంగా ప్రవర్తించకూడదు అన్న షరతు ఉంది. నిస్సహాయంగా పడి ఉన్నవాడి తల మీద తన్నినప్పుడు న్యాయస్థానం ముందుకొచ్చే ప్రశ్న అదే. జవాబును బట్టి శిక్ష 103వ సెక్షన్ కిందా, 105వ సెక్షన్ కిందా అన్నది మారిపోవచ్చు. "ఇద్దరం ఒప్పుకునే కొట్టుకున్నాం" అన్న వాదన కూడా ఇక్కడ నిలవదు. ప్రాణహాని, తీవ్రమైన గాయం కలిగే అవకాశం లేని ఆటల్లో ఇచ్చిన సమ్మతిని మాత్రమే 25వ సెక్షన్ గుర్తిస్తుంది.

"బాగానే ఉన్నాడు" అన్న మాట

చాలా ఏళ్ల కిందట నేను ఒక హాస్టల్‌కు వార్డెన్‌గా ఉన్నాను. కుళాయి దగ్గర బకెట్టు కోసం ఇద్దరు కుర్రాళ్లు తోసుకున్నారు. ఒకడు జారి పడ్డాడు, కణత గచ్చు అంచుకు తగిలింది. ఒక్క నిమిషం మత్తుగా ఉండి లేచాడు, నవ్వాడు, ముఖం కడుక్కుని మాతోపాటే అన్నం తిన్నాడు. "వెళ్లి పడుకో, పొద్దున మాట్లాడదాం" అన్నది నేనే. రెండు గంటల తర్వాత అతడి గదిలోని కుర్రాడు పరుగున వచ్చి, వాంతులు చేసుకుంటున్నాడనీ, మాట తడబడుతోందనీ చెప్పాడు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. బతికాడు గానీ ఆ ఏడాది చదువు పోయింది. తోసినవాడు ఆస్పత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు.

కణత దగ్గర పుర్రె ఎముక పల్చగా ఉంటుంది. దాని లోపలి వైపు ఒక ధమని వెళ్తుంది. ఎముక చిట్లితే ఆ ధమని తెగి, ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. దీన్ని వైద్యులు ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అంటారు. రక్తం చేరి మెదడును నొక్కేదాకా మనిషి మామూలుగానే మాట్లాడతాడు. ఆ విరామం నిమిషాలు కావచ్చు, గంటలు కావచ్చు. సకాలంలో గుర్తిస్తే శస్త్రచికిత్సతో బతికించవచ్చు కాబట్టే ఆ విరామాన్ని నిద్రకు వదిలేయకూడదు.

తలకు దెబ్బ తగిలి క్షణకాలమైనా స్పృహ తప్పినవాణ్ణి, మళ్లీ లేచి నడిచినా సరే, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పెరుగుతున్న తలనొప్పి, ఆగని వాంతులు, మత్తు, అయోమయం, మూర్ఛ, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదవడం, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీళ్లలాంటి ద్రవం కారడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. తాగి ఉన్నవాడైతే మత్తు మందుదా, దెబ్బదా అని మీరు తేల్చబోకండి, అది స్కాన్ తేలుస్తుంది. మెడకు కూడా దెబ్బ తగిలి ఉండవచ్చు కాబట్టి తలను అటూ ఇటూ తిప్పవద్దు. పోలీసు కేసవుతుందన్న భయంతో "మెట్ల మీద జారాడు" అని చెప్పేవారు చాలామంది. డాక్టరుకు మాత్రం తన్నింది కాలితోనా, చెప్పుతోనా, పడింది దేని మీద, అప్పుడు టైమెంత, ఎంతసేపు స్పృహ లేదు అన్నవి ఉన్నవి ఉన్నట్టు చెప్పండి.