విప్పకయే చదువఁబడిన చర్మగ్రంథము

శిథిలగ్రంథమును రక్షించుటయు, దానిని జదువుటయు నొక్కొకచోఁ బరస్పరవిరుద్ధము లగును. మృతసముద్రపు పశ్చిమతీరమున ఏన్‌గెదీ యనుచోట 1970 వ సంవత్సరమునఁ బ్రాచీన యూదప్రార్థనామందిరమును ద్రవ్వఁగా, కాలి బొగ్గయిన చర్మపుఁజుట్ట యొకటి దొరకెను. ముట్టినంతనే పొడియగునది గావున దానిని విప్పక యట్లే భద్రపఱచిరి.

తరువాత నాచుట్టను ఎక్స్‌కిరణములతోఁ బలుదెసలనుండి చిత్రించి, లోపలిభాగముతోఁ గూడ ఘనరూపమునఁ గంప్యూటరున కెక్కించిరి. కెంటకీ విశ్వవిద్యాలయాచార్యుఁడు బ్రెంట్ సీల్సును, ఆయన సహచరులును రచించిన ప్రోగ్రాము పిమ్మటి పనిని నాలుగంచెలుగాఁ జేసెను. మొదటిది, ఘనరూపమునఁ జర్మపుఁబొర యెచ్చట నున్నదో గుర్తించి వేఱుపఱచుట. ఇదియే కష్టతమము, ఇచ్చటఁ బొరపడినచోఁ బ్రక్కపొర యక్షరము వచ్చి చేరును. రెండవది, పొరమీఁది ప్రతిబిందువునకును సాంద్రతనుబట్టి వెలుఁగు నిచ్చుట; సిరా చర్మముకంటె సాంద్ర మగుటచే నక్షరములు మెఱసి కానవచ్చెను. మూఁడవది, ముడుతలుపడిన పొరను సమతలముగాఁ బఱచుట. నాలుగవది, తునుకలను గూర్చి పుటగాఁ జేయుట.

ఇట్లు వెలువడినది బైబిలునందలి లేవీయకాండప్రారంభము. 2016 లోఁ బ్రకటితమైన పాఠమున 35 పంక్తులు గలవు. అందు 18 నిలిచినవి, 17 పూరింపఁబడినవి. నిలిచిన హల్లులు మధ్యయుగపు మాసొరెటిక్ పాఠముతో సరిపోలుచున్నవి. కర్బనపరీక్ష గ్రంథమును క్రీ. శ. 3, 4 శతాబ్దులకుఁ జేర్పఁగా, లిపినిబట్టి యంతకుఁ బూర్వపుదనువారును గలరు.

యంత్ర మక్షరమును జూపును. నిలిచినదానిని బూరించినదానినుండి వేఱుపఱచి, కాలమును బాఠమును నిర్ణయించుభారము పండితునిదే.