ఎడారిలో గుడారం వేద్దాం రండి!

పిల్లలకు సెలవులిస్తే పుట్టింటికి, పండగొస్తే అత్తగారింటికి, మొక్కుంటే తిరుపతికి... మన ఇల్లాళ్ల ప్రయాణాలు దాదాపు ఇంతే కదండీ! ఊరు మారుతుంది గానీ చేతిలో గరిటె మారదు. ఈసారి మీ స్నేహితురాళ్లు అయిదారుగురు కలిసి, వంటింటికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, ఇసుక తిన్నెల మధ్య గుడారంలో నాలుగు రోజులు గడిపి వస్తే ఎలా ఉంటుందంటారు?

"ఎడారా? ఇసుక తప్ప అక్కడేముంది?" అనకండి. కాస్త ఓపిగ్గా చదవండి మరి!

ఎక్కడికి? ఎప్పుడు?

రాజస్థాన్‌లోని థార్ ఎడారికి గుమ్మం లాంటి ఊరు జైసల్మేర్. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట ఇక్కడే ఉంది. పసుపు రాతి కట్టడం కావడంతో సాయంత్రం ఎండ పడితే మేలిమి బంగారమే! ఆ కోటలో ఇప్పటికీ జనం కాపురాలున్నారు. ముందు జోధ్‌పూర్ చేరుకుంటే, అక్కడి నుంచి రైల్లో గానీ బస్సులో గానీ అయిదారు గంటల ప్రయాణం.

జైసల్మేర్‌కు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సమ్ అనే చోట పెద్ద పెద్ద ఇసుక తిన్నెలున్నాయి. గుడారాల విడుదులూ ఎక్కువే, పాటల హోరూ ఎక్కువే. ప్రశాంతత కావాలనుకుంటే నైరుతి దిక్కున, ఇంచుమించు అంతే దూరంలో ఉన్న ఖూరీ అనే చిన్న పల్లె మేలు. సరిహద్దు దగ్గరి జిల్లా కాబట్టి అందరూ ఫొటో ఉన్న గుర్తింపు కార్డులు తప్పక పెట్టుకోవాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే వెళ్లాలి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఎండలో సరదా ఏముంటుంది? చలికాలంలో పగలు హాయిగా ఉన్నా, రాత్రి అయిదు డిగ్రీల దాకా పడిపోతుంది. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు లేకపోవడంతో పగటి వేడి పొద్దు గుంకగానే ఎగిరిపోతుంది. అందుకని స్వెట్టరు, శాలువా, మేజోళ్లు, చెవులకు మఫ్లర్ మరవకండి.

స్నేహం చెడకుండా...

స్నేహాలు చెడేది చిన్న చిన్న లెక్కల దగ్గరే. బయలుదేరక ముందే తలా ఇంత అని ఉమ్మడి పర్సులో వేసి, లెక్క బాగా రాసే ఆవిడకు అప్పజెప్పండి. టీ తాగినా, ఒంటె ఎక్కినా ఖర్చు అందులోంచే. గుడారం అద్దెలో భోజనం, ఫలహారం, ఒంటె సవారీ కలిసి ఉన్నాయా, విడిగా కట్టాలా అన్నది ముందే అడిగి రాయించుకోండి. మరుగుదొడ్డి గుడారానికి ఆనుకుని ఉందా, దూరమా అని అడగడానికి మొహమాటపడొద్దు.

పనులు కూడా ముందే పంచుకోవాలి. టిక్కెట్లు ఒకరు, మందులు ఒకరు, చిరుతిళ్లు ఒకరు. లేకపోతే ఏమవుతుందో తెలుసు కదా! గుంపులో మంచితనం ఎక్కువున్న ఆవిడే అందరికీ కాఫీలు అందిస్తూ కూర్చుంటుంది. సెలవు అందరిదీ అయినప్పుడు పనీ అందరిదే.

నీళ్లే బంగారం

జైసల్మేర్ ప్రాంతంలో ఏడాది మొత్తానికి సుమారు 200 మిల్లీమీటర్ల వానే పడుతుంది. పడిన కాస్త వాననూ 'టాంకా' అనే నేలతొట్లలో పట్టి దాచుకోవడం అక్కడి పల్లెల్లో తరతరాల అలవాటు. గిన్నెలు కూడా పొడి ఇసుకతోనే తోమేసి తుడిచేస్తారు. ఆ పల్లె ఆడవాళ్ల తల మీది బిందెలు చూశాక, మన ఇంట్లో కుళాయి వదిలేసి కబుర్లాడటం మనకే సిగ్గనిపిస్తుంది. విడిదిలో నీళ్లు ట్యాంకర్లో తెచ్చి పోసేవి. కాబట్టి బకెట్టు స్నానమే చేయండి. తాగడానికి మాత్రం లోటు చేయకండి. చలిలో దాహం తెలియకపోయినా గంటకోసారి తాగుతూ ఉండాలి.

మన జమ్మిచెట్టు కాయల కూర!

దసరాకు మనం పూజించే జమ్మిచెట్టే అక్కడి 'ఖేజ్‌డీ'. తెలంగాణకూ, రాజస్థాన్‌కూ కూడా రాష్ట్ర వృక్షం అదే. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ గ్రామంలో రాజుగారి మనుషులు ఈ చెట్లు కొట్టడానికి వస్తే, అమృతాదేవి అనే ఇల్లాలు చెట్టును వాటేసుకుని ప్రాణమిచ్చింది. ఆమెతో కలిపి 363 మంది బిష్ణోయీలు బలైపోయారు. ఆ చెట్టు లేత కాయలను ఎండబెట్టి, కేర్ అనే చిన్న పుల్లని కాయలతో కలిపి చేసే కూరే 'కేర్ సాంగ్రి'. పచ్చికూరలు దొరకని చోట ఆడవాళ్లు కనిపెట్టుకున్న రుచి అది. సజ్జ రొట్టెతో తిని చూడండి.

చలిమంట దగ్గర వేడివేడి బాటీలు కూడా తప్పక తినాలి. ఇంటికొచ్చాక మీరే చేసుకోవచ్చు. రెండు కప్పుల గోధుమపిండిలో పావు కప్పు నెయ్యి, అర చెంచా వాము, తగినంత ఉప్పు వేసి పూరీపిండి కంటే గట్టిగా కలపండి. అరగంట ఉంచి, నిమ్మకాయంత ఉండలు చేసి, గుంతపొంగణాల పెనంలో సన్నసెగ మీద తిప్పుతూ కాల్చండి. పైన బీటలిచ్చి ఎర్రబడితే, కాస్త నలిపి నేతిలో ముంచి పప్పుతో వడ్డించండి.

రాత్రి జాగ్రత్తలు

చలిగా ఉందని నిప్పుల కుంపటి గుడారంలో పెట్టుకోకండి. మూసిన చోట బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట బయటే వేసుకుని, దుప్పట్లు ఇంకో రెండు అడగండి. పొద్దున్న చెప్పులు, బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లు దూరవచ్చు. చీకట్లో తిన్నెల మీదికి ఒంటరిగా వెళ్లకండి, అన్నీ ఒకేలా ఉండి దారి తప్పుతారు. టార్చి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, పెదాలకు వ్యాజలైన్, శానిటరీ నాప్కిన్లు, వాడినవి తిరిగి తెచ్చేందుకు సంచి సర్దుకోండి. ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్ల మీద లేస్తుంది. కాస్త వెనక్కి వాలి గట్టిగా పట్టుకోకపోతే దాని మెడ మీదికి జారతారు సుమా!

ఇంట్లో ఎలా మరి?

అసలు చిక్కు ఇక్కడే! "పిల్లలకు వండేదెవరు? ఆయన టిఫినో?" అని మనమే ముందు అడ్డం పెట్టుకుంటాం. నాలుగు రోజులకు సరిపడా సాంబారు కాచి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లకండి. ఒక వారం ముందు నుంచీ అన్నం వండటం, పప్పు పెట్టడం ఆయనకూ పిల్లలకూ చూపించండి. ఉప్పు ఎక్కువైతే అవనివ్వండి. ఎడారిలో ఫోను అన్నిచోట్లా అందదు. 'రోజూ రాత్రి మాట్లాడతాను' అనకుండా, విడిది నంబరు ఇచ్చి, ఏ రోజు ఎక్కడుంటారో కాగితం మీద రాసి గోడకు అంటించండి.

అమావాస్యకు దగ్గరగా వెళితే రాత్రి ఆకాశం నిండా చుక్కలే. కృత్తికలు, మృగశిర అని పంచాంగంలో చదివిన నక్షత్రాలు కళ్లెదుటే మెరుస్తాయి. పొద్దున్నే పాల పాకెట్టు కోసం లేవక్కర్లేదు, కుక్కరు కూత లెక్కపెట్టక్కర్లేదు. చిన్ననాటి స్నేహితురాలి పక్కన శాలువా కప్పుకుని కూర్చుని, ఇన్నేళ్లుగా చెప్పుకోలేని మాటలు తీరిగ్గా చెప్పుకోవచ్చు. దానికోసమైనా వెళ్లొచ్చు కదా! ఈ పేజీ పక్కన పెట్టి, ముందు ఆవిడకు ఫోను చేయండి.