మదర్‌బోర్డు... రేటొక్కటే చూడకండి!

మా అన్నయ్య కొడుకు ఇంజినీరింగ్‌లో చేరాడు. కంప్యూటర్ కావాలన్నాడు. చేతిలో ఉన్నది నలభై వేలు. విడిభాగాలు కొని బిగించుకుంటే కాస్త కలిసొస్తుందని ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి బయల్దేరాం. ప్రాసెసర్ ఏదో ముందే అనుకున్నాం. చిక్కంతా మదర్‌బోర్డు దగ్గరే వచ్చింది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటేమో ఆరు వేలు, పక్కనే ఉన్నది పది వేలు!

ఆ నాలుగు వేలు దేనికి?

ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లకు సరిపోయే బోర్డుల్లో చవకైనది హెచ్610. దాంట్లో ర్యామ్ పెట్టుకునే స్లాట్లు రెండే. బి760 రకంలో చాలావాటికి నాలుగుంటాయి. ఎస్ఎస్‌డీ బిగించే ఎం.2 స్లాట్లూ ఎక్కువే. రెండు స్లాట్లున్న బోర్డు కొని ఎనిమిదేసి జీబీల ర్యామ్‌లు రెండు పెట్టేశారనుకోండి... రేపు పెంచాలంటే ఉన్నవాటిలో ఒక్కటైనా పీకెయ్యాల్సిందే. అలాగని ఇంటర్నెట్ చూసుకుని, ప్రాజెక్టు పని చేసుకునే కుర్రాడికి నాలుగు స్లాట్లు తప్పనిసరేం కాదు. మేం హెచ్610 దగ్గరే ఆగాం. రంగురంగుల లైట్లకి డబ్బు పెట్టడం మాత్రం శుద్ధ దండగ. వై-ఫై లేదన్న బెంగా వద్దు. కొన్ని వందలు పెడితే యూఎస్‌బీలో గుచ్చుకునేది దొరుకుతుంది.

ర్యామ్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకే హెచ్610 పేరుతో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ మరోదానిలో దూరదు. గాడి ఉండే చోటే వేరు. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, బోర్డు రేటునీ ర్యామ్ రేటునీ కలిపి లెక్కేసుకోవాలి. పాత కంప్యూటర్‌లో డీడీఆర్4 ర్యామ్ ఉంటే ఆ బోర్డే లాభం.

ఏఎండీ వైపు వెళితే ఏఎం4 సాకెట్ బోర్డులన్నీ డీడీఆర్4వే. 2022లో వచ్చిన ఏఎం5కి డీడీఆర్5 తప్ప మరొకటి పనికిరాదు.

మేం బోల్తా పడింది ఇంకోచోట. ఇంటికొచ్చి అన్నీ బిగించి, బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలించాం. ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది! బోర్డు పాడైందని కంగారుపడ్డాం. తీరా చూస్తే ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంది. అంటే అందులో గ్రాఫిక్స్ లేదని. అలాంటప్పుడు బోర్డుకి ఎన్ని పోర్టులున్నా బొమ్మ రాదు, గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాల్సిందే. షాపతను బతిమాలితే మార్చిచ్చాడు, పై డబ్బులు తీసుకుని!

మరో సంగతి... 12వ తరం నాటి పాత స్టాకు బోర్డులో 13, 14వ తరం ప్రాసెసర్ పెడితే బయోస్ అప్‌డేట్ చేసేదాకా ఆన్ కాకపోవచ్చు. బిల్లు కట్టకముందే షాపులో చేయించుకోండి. ఈ ఇంటెల్ బోర్డుల్లో సన్నటి పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. వంగితే వారంటీ రావడం కష్టం. అందుకే సాకెట్ మీదుండే ప్లాస్టిక్ మూతని పారేయకుండా డబ్బాలో దాచండి. వారంటీకి పంపేటప్పుడు ముందు దాన్నే అడుగుతారు.