నేల విడిచిన సాము: జర్మనీ భారీ ట్యాంకుల కథ

యంత్రశక్తి గొప్పదే. కాని తాను నడవవలసిన నేలను, తనకు కావలసిన ఇంధనాన్ని, తనను తయారుచేసే చేతులను లెక్కలోనికి తీసికొనని యంత్రం నేల విడిచిన సాము వంటిదే. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి సంవత్సరాలలో జర్మనీ తలపెట్టిన భారీ ట్యాంకుల చరిత్ర ఇందుకు నిదర్శనం.

1941లో సోవియట్ రష్యాపై దండెత్తిన జర్మన్ సేనలకు టి-34, కె.వి. ట్యాంకులు ఎదురై దిగ్భ్రాంతి కలిగించాయి. అప్పటినుండి జర్మన్ పాలకులలో మరింత మందమైన కవచం, మరింత పెద్ద ఫిరంగి కావాలనే తపన పెరిగింది. 1942లో హిట్లర్ కోరికపై ఫెర్డినాండ్ పోర్షే ఒక బ్రహ్మాండమైన ట్యాంకు రూపకల్పనకు పూనుకొన్నాడు. దాని పేరు 'మౌస్', అనగా ఎలుక! బరువు మాత్రం 188 టన్నులు. మన భూపాలపల్లి బొగ్గుతో నిండిన రెండు రైలు వ్యాగన్లను కలిపి తూచినా అంత బరువు రాదు. 128 మి.మీ. ప్రధాన ఫిరంగి, దాని ప్రక్కనే 75 మి.మీ. ఫిరంగి, లోపల ఆరుగురు సైనికులు.

ఇంత బరువును కదిలించుటకు పోర్షే విద్యుత్ పద్ధతిని ఎన్నుకొన్నాడు. ఇంజను జనరేటరును త్రిప్పుతుంది. ఆ విద్యుత్తుతో మోటార్లు ట్యాంకును నడుపుతాయి. జనగామ, మహబూబాబాద్ స్టేషన్లలో మనము చూచిన డీజిల్ రైలింజన్ల సూత్రం కూడ ఇదే. అయితే రైలింజనుకు ముందే పరచిన పట్టాలున్నాయి. ట్యాంకుకు బురద నేలే బాట. మౌస్ వేగం గంటకు 20 కిలోమీటర్లు మించదు. దానిని మోయగల వంతెనలు అరుదు. కనుక నది అడుగున నడిపించాలని యోచించారు. ఒడ్డున నిలిచిన మరొక మౌస్ తీగద్వారా విద్యుత్తు అందిస్తుంటే, మొదటిది పొడవాటి గాలిగొట్టంతో నీటిలో సాగిపోవాలి! రైలుపై తరలించుటకు 14 ఇరుసుల ప్రత్యేక వ్యాగనును కూడ నిర్మించారు.

ఇంత చేసినా పూర్తయినవి రెండు నమూనాలే. 1943లో ఎస్సెన్ నగరంలోని క్రుప్ కర్మాగారంపై బాంబుల వర్షం కురిసింది. ఆ సంవత్సరాంతానికే ఉత్పత్తి ఉత్తరువు రద్దయింది. 1944లో పరీక్షలు మాత్రం సాగాయి. యుద్ధానంతరం సోవియట్లు ఒకదాని క్రిందిభాగంపై రెండవదాని బురుజును అమర్చారు. అది నేడు మాస్కో సమీపాన కుబింకా మ్యూజియంలో ఉన్నది.

ఇదే కాలంలో 'ఇ' శ్రేణి అనే మరొక పథకం కూడ నడిచింది. అనేక రకాల ట్యాంకులకు వీలైనంతవరకు ఒకే విడిభాగాలు వాడాలన్నది దాని ఆశయం. ఆలోచన మంచిదే, కాని కాలం మించిపోయింది. సుమారు 140 టన్నుల ఇ-100 సగంలోనే ఆగి బ్రిటిష్ వారి చేత చిక్కింది. అటు అమెరికా, ఓడకు, వంతెనకు, రైలుకు సరిపోయే షెర్మన్ ట్యాంకులను సుమారు 49 వేలు తయారుచేసింది.

ఈ వృథాప్రయాస వెనుక మరొక విషాదం ఉన్నది. క్రుప్ వంటి కర్మాగారాలలో పరదేశాలనుండి బలవంతంగా తెచ్చిన కార్మికులు, యుద్ధఖైదీలు వేలాదిగా పనిచేశారు. పాలకుని పంతానికి వెల చెల్లించినది వారి చెమట, వారి ప్రాణం. ఉక్కు బరువును మాత్రమే తూచి, ఈ బరువును మరచినచో చరిత్ర చదివిన ఫలమేమి?

మన తెలంగాణలోని ఎద్దుమైలారంలో 1984లో స్థాపించిన కర్మాగారం 'శరత్' యుద్ధ వాహనాలను తయారుచేస్తున్నది. సోవియట్ నమూనాననుసరించిన ఆ వాహనం బరువు సుమారు 14 టన్నులు. అది నీటిపై తేలుతూ నదిని దాటగలదు. మౌస్ నది అడుగున వెదకిన దారి దీనికి నీటిపైననే లభించింది.

మన కళాశాలలో సైన్సు చదువుచున్న సోదర సోదరీమణులు రేపు యంత్రాలను రూపొందించేవారు కావచ్చు. ఎంత పెద్దది చేయగలమని ప్రశ్నించుకొనే ముందు, ఎవరికొరకు, ఏ నేలపై, ఎవరి శ్రమతో అని ప్రశ్నించుకొనాలని మా మనవి. ఆ ప్రశ్నను అడుగనీయని పాలనలో ఎంతటి మేధ అయినా వ్యర్థమేనని మౌస్ చరిత్ర మనకు బోధిస్తున్నది.