పటము నుండి పట్టాల వరకు

ధర్మవరము నుండి పెనుకొండ మీదుగా హిందూపురము చేరు రైలు 200 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కవలెను. ఈ మార్గమును కంప్యూటరు సిమ్యులేటరులో నిర్మించుట యెట్లు?

పట్టాల వంపులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వంటి పటముల అక్షాంశ రేఖాంశములు చూపును. నేల ఎత్తులను 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడారుతో కొలిచినది. సుమారు 30 మీటర్లకొక బిందువు చొప్పున ఆ కొలతలు లభించుచున్నవి.

పెనుకొండ కొండను రూపొందించుటకు ఇవి చాలును; పట్టాలు పరచుటకు చాలవు. ఏలయన, 100 మీటర్లకు 1 మీటరు వాలనుకొన్నచో, 30 మీటర్లలో పెరుగు ఎత్తు 30 సెంటీమీటర్లే. రాడారు కొలతలోని దోషమో, కొన్ని మీటర్లుండవచ్చును. ఆ బిందువులను ఉన్నవి ఉన్నట్లే కలిపినచో రైలు ఎగిరెగిరి పడును.

కనుక వాలు లెక్క ప్రకారము ముందు బాటను గీసి, పల్లములలో కట్ట పోసి, మిట్టలను త్రవ్వి, నేలనే దానికి సరిపరుపవలెను. నిజమైన మార్గమును వేసిన ఇంజనీర్లు చేసినదియు ఇదియే.