మాదకద్రవ్యాలు, లైంగిక ఆరోగ్యం: గోప్యతపై నమ్మకమే చికిత్సకు తొలి మెట్టు

(ప్రత్యేక వ్యాసం)

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పరిసర గ్రామాలు ప్రత్తి, మిరప సాగుకు పేరుగాంచినవి. ఇక్కడి యువకులు పలువురు చదువు, ఉపాధి నిమిత్తం గుంటూరు, హైదరాబాదు, బెంగళూరు నగరాలకు వెళ్ళి వస్తుంటారు. అటువంటి నగరాలలో స్వలింగ సంబంధాలు గల పురుషులలో కొందరు లైంగిక చర్య సమయంలో మాదకద్రవ్యాలను వాడటం ప్రజారోగ్య రంగం దృష్టికి వచ్చిన అంశం. దీనిని 'కెమ్‌సెక్స్' అని వ్యవహరిస్తారు. లండన్‌లో ఈ సమస్యకు ప్రత్యేక సేవలు అందించిన 56 డీన్ స్ట్రీట్ క్లినిక్ ద్వారా ఈ పదానికి విస్తృత ప్రచారం లభించినది. ఇది గే పురుషులందరి అలవాటు కాదు. అయితే ఉన్న కొద్దిమందికీ ముప్పు తీవ్రమైనది.

ముప్పు ఎక్కడ?

మెథాంఫెటమైన్, మెఫెడ్రోన్ వంటి ఉత్ప్రేరకాలు అలసటను, భయాన్ని మరుగుపరుస్తాయి. ఫలితంగా లైంగిక చర్య గంటల తరబడి సాగడం, కండోమ్ వాడకం మరచిపోవడం జరుగుతుంది. ద్రవరూపంలోని జీహెచ్‌బీని మద్యంతో కలిపి తీసుకుంటే స్పృహ తప్పి శ్వాస ఆగిపోయే ప్రమాదం కలదు. 'పాపర్స్' అనే నైట్రైట్లను సిల్డెనాఫిల్ మాత్రలతో కలిపి వాడితే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. సూదులు పంచుకుంటే హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్ బి, సి వ్యాధులు కూడా సోకగలవు. ఇప్పటికే హెచ్‌ఐవీ చికిత్సలో ఉన్నవారు మత్తులో మందుల వేళ తప్పే అవకాశమున్నది. పల్లెల్లో సులభంగా లభించే మద్యం సైతం జాగ్రత్తను సడలిస్తుందన్న విషయం విస్మరించరాదు.

దేశంలో వయోజనులలో హెచ్‌ఐవీ వ్యాప్తి సుమారు 0.2 శాతం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 నిఘా గణాంకాల మేరకు పురుషులతో లైంగిక సంబంధాలు గల పురుషులలో ఇది 3 శాతానికి పైగా, సూదులతో మత్తుమందులు తీసుకునేవారిలో సుమారు 9 శాతంగా నమోదైనది. ఈ రెండు ముప్పులూ ఒకే వ్యక్తిలో కలిసినప్పుడు వైద్యునికి రెండింటినీ తెలియజేయడం అవసరం. ఒకటి చెప్పి మరొకటి దాచినచో సరియైన పరీక్ష, సరియైన మందు అందవు.

చట్టం ఏమి చెబుతున్నది?

దాపరికానికి ప్రధాన కారణం భయం. పరస్పర సమ్మతితో వయోజనుల మధ్య జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పునిచ్చినది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం, 2017 ప్రకారం, చట్టం పేర్కొన్న కొన్ని సందర్భాలలో మినహా, వ్యక్తి సమ్మతి లేకుండా అతని హెచ్‌ఐవీ స్థితిని వెల్లడించరాదు. సురక్షిత సూదులు, కండోమ్‌ల పంపిణీ వంటి ముప్పు తగ్గింపు చర్యలను నేరంగా పరిగణించరాదని అదే చట్టం స్పష్టం చేయుచున్నది.

మాదకద్రవ్యాల వాడకం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరమే. అయితే వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స కోరి పూర్తిచేసిన పక్షంలో, వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన అభియోగాలపై విచారణ నుండి సెక్షన్ 64ఎ రక్షణ కల్పిస్తున్నది. ఈ వెసులుబాటు అమ్మకందారులకు వర్తించదు.

అందుబాటులో ఉన్న సేవలు

ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాలలో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం, గోప్యం. సొంత ఊరిలో పరిచయస్తుల కంట పడతామని సంకోచించేవారు ఇతర ప్రాంతంలోని కేంద్రానికి వెళ్ళవచ్చు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం కలదు. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్ గుర్తించలేని స్థాయికి తగ్గి, అదే స్థాయిలో కొనసాగుతున్న వ్యక్తి నుండి లైంగికంగా హెచ్‌ఐవీ సంక్రమించదు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ సి పరీక్ష, చికిత్స ఉచితం. హెచ్‌ఐవీ ముప్పు ఎదురైనచో 72 గంటలలోగా వైద్యుని సంప్రదించడం అత్యవసరం. నివారణ మందులు అవసరమా అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు.

అధికారులకు, పాత్రికేయులకు

వ్యక్తి ఫోటో, ఊరు, కుటుంబ వివరాలు బయటపడితే, ఆ ఒక్కరే కాక, అదే స్థితిలో ఉన్న పదిమందీ ఆసుపత్రి గడప తొక్కడం మానేస్తారు. హెచ్‌ఐవీతో జీవించేవారిపై ద్వేషాన్ని ప్రేరేపించే ప్రచురణలకు 2017 చట్టం కింద మూడు నెలల నుండి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దాడుల వార్తలలో నిందితుల లైంగికతను శీర్షికలకు ఎక్కించనవసరం లేదు. ఆసుపత్రి సిబ్బంది తీర్పు చెప్పే ధోరణి విడనాడి ప్రశ్నలు అడిగినప్పుడే నిజం బయటకు వస్తుంది.

సమాచారం కొరకు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సలహాలకు 14416 నంబర్లను సంప్రదించవచ్చు. స్పృహ తప్పిన వ్యక్తిని ఒంటరిగా వదలక, వెంటనే 108కి ఫోన్ చేయవలెను.