పద సమస్యలు: మన పిల్లలకు రానిది లెక్కా, చదవడమా?



పరీక్షల కాలము దగ్గరపడగానే మన సంఘాలలో ప్రార్థన కొరకు వచ్చే చీటీలలో ఒక మాట తరచుగా కనబడుతుంది: “మా అమ్మాయికి లెక్కలు రావు, ప్రార్థించండి.” ప్రార్థించడం మాకు సంతోషమే. అయితే ఆ బిడ్డకు 3ఎక్స్ − 100 = 1100 అని వ్రాసి ఇస్తే చకచకా చేసేస్తుంది. అదే లెక్కను నాలుగు వాక్యాలలో ఇచ్చినప్పుడు కలము ఆగిపోతుంది. ఏడవ తరగతిలో సామాన్య సమీకరణాలతో మొదలైన ఈ బెదురు పదవ తరగతి దాకా వెంట వస్తుంది. అక్కడ లెక్కలు తప్పితే మగపిల్లవాడు మరల పరీక్షకు కడతాడు; ఆడపిల్లకైతే మన పల్లెలలో సంబంధాలు చూడడం మొదలుపెడతారు. కనుక ఇది చిన్న సంగతి కాదు. ఇందులో చదువురాని తలిదండ్రులు కూడా సహాయపడగలరని మేము నమ్ముచున్నాము.

ఒక లెక్క చూడండి. ఒక తల్లి సంతలో 3 కోడిపుంజులను ఒకే ధరకు అమ్మింది. వచ్చిన సొమ్ములో 100 రూపాయలు పెట్టి సరుకులు కొన్నది. చేతిలో 1100 రూపాయలు మిగిలాయి. ఒక్కొక్క పుంజు ఎంతకు అమ్మింది?

దీనిని అక్షరము రాని అవ్వను అడగండి. “మిగిలినదానికి ఖర్చైన వంద కలిపితే పన్నెండు వందలు; మూడు పుంజులకు తలా నాలుగు వందలు” అంటుంది. ఆమె చేసినదేమిటి? చివర నుండి వెనుకకు నడిచింది. తీసినచోట కలిపింది, హెచ్చించినచోట భాగించింది. 499వ సంవత్సరంలో ఆర్యభటుడు తన గ్రంథంలో చెప్పిన విలోమ పద్ధతి ఇదే.

మరి అవ్వ లెక్కే చాలినప్పుడు ఈ ఎక్స్ ఎందుకు? ఇంకొక లెక్క చూడండి. తండ్రి వయస్సు కొడుకు వయస్సుకు 3 రెట్లు. 12 సంవత్సరాల తరువాత 2 రెట్లు అవుతుంది. ఇప్పుడు వారి వయస్సులెంత? ఇక్కడ వెనుకకు నడవడానికి దారి లేదు. చివర ఒక్క సంఖ్య కూడా చేతికివ్వలేదు. తెలియనిది ఇటు కొడుకులోను ఉన్నది, అటు తండ్రిలోను ఉన్నది. అప్పుడు తెలియనిదానికి ఒక పేరు పెట్టి, తెలిసినదానివలెనే దానితో వ్యవహరించాలి. బీజగణితము అంటే ఇంతే.

ఆ పేరు ఎక్స్ కానక్కర లేదు. మన దేశపు పూర్వ గణితజ్ఞులు తెలియని రాశిని ‘యావత్ తావత్’, అనగా ‘ఎంతో అంత’ అని పిలిచి, పొట్టిగా ‘యా’ అని వ్రాసుకొనేవారు. రెండవదానికి, మూడవదానికి నలుపు, నీలము అని రంగుల పేర్లు పెట్టారు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ ఈ విద్యపై గ్రంథము వ్రాసినప్పుడు వారసత్వపు పంపకాలకు, వ్యాపారానికి, తగవులు తీర్చడానికి ఇది అక్కరకు వస్తుందని చెప్పాడు. ఆయన గ్రంథములో గుర్తులు లేవు, అన్నీ మాటలే. ఇప్పుడు మనము వాడే సమానపు గుర్తు 1557లో రాబర్ట్ రికార్డ్ పుస్తకములో మొదటిసారి అచ్చయింది. అనగా మాటల లెక్క ముందు పుట్టింది, గుర్తులు చాలా కాలానికి వచ్చాయి. మన బడులలో ముందు గుర్తులు నేర్పి, పాఠము చివర మాటల లెక్కలు పెడతారు. ఆ చివరి లెక్కలకు చాలాచోట్ల సమయమే మిగలదు.

ఇక తండ్రీ కొడుకుల లెక్క. కొడుకు వయస్సు ఎక్స్ అనుకొంటే తండ్రి 3ఎక్స్. పన్నెండేళ్లు గడిస్తే కొడుకు ఎక్స్ + 12, తండ్రి 3ఎక్స్ + 12. పిల్లలు తరచుగా తండ్రికి పన్నెండు కలిపి కొడుకును మరచిపోతారు; తండ్రికి ఏండ్లు వస్తే కొడుక్కి రావా అని అడగండి, నవ్వి దిద్దుకుంటారు. అప్పటికి తండ్రి రెండు రెట్లు కాబట్టి 3ఎక్స్ + 12 = 2(ఎక్స్ + 12). అంటే 3ఎక్స్ + 12 = 2ఎక్స్ + 24. తక్కెడ రెండు పళ్లెముల నుండి సమానంగా తీస్తే ముల్లు కదలదు గదా, అలాగే రెండు వైపుల నుండి 2ఎక్స్, 12 తీసివేయండి. ఎక్స్ = 12. కొడుకు 12, తండ్రి 36. పన్నెండేళ్ల తరువాత 24, 48. సరిపోయింది.

చిక్కంతా మొదటి మెట్టులోనే, వాక్యాన్ని సమీకరణముగా మార్చడంలోనే ఉన్నది. ఇక్కడ మన తెలుగు మనకు మేలు చేస్తుంది. “ఒక సంఖ్య కంటె 5 తక్కువ” అంటే మాటల వరుసలోనే ఎక్స్ − 5 అని వ్రాయవచ్చు. అదే ఇంగ్లీషులో ‘ఫైవ్ లెస్ దేన్ ఎ నంబర్’ అని ఐదు ముందు వస్తుంది, పిల్లవాడు 5 − ఎక్స్ అని వ్రాసేస్తాడు. ఇంగ్లీషు మీడియములో చదివే మీ బిడ్డ లెక్కను ముందు తెలుగులో చెప్పుకుంటే నామోషీ లేదు.

తెలుగులోనూ గోతులు లేకపోలేదు. ‘మూడవ వంతు’ వేరు, ‘మూడు వంతులు’ వేరు. పల్లెలో మూడు వంతులంటే నాలుగింట మూడు. ‘ఐదు రెట్లు’ అంటే తేటగా ఉన్నది. ‘ఐదు రెట్లు ఎక్కువ’ అన్నప్పుడు ఐదు రెట్లా, ఆరు రెట్లా? అటువంటి వాక్యము పిల్లలకిచ్చిన వారినే తప్పుపట్టాలని మా అభిప్రాయము.

అన్నిటికంటె లోతైన గోయి ఇది. “మందలో ఒక్కొక్క మేకకు ఆరేసి గొర్రెలున్నాయి” అనే వాక్యాన్ని సమీకరణముగా వ్రాయమనండి. మేకల సంఖ్య మే, గొర్రెల సంఖ్య గొ. చాలామంది మే = 6గొ అని వ్రాస్తారు. కాని 10 మేకలుంటే గొర్రెలు 60; కాబట్టి గొ = 6మే. ఈ తప్పు మన పిల్లలకే పరిమితము కాదు. అమెరికాలో మొదటి సంవత్సరపు ఇంజనీరింగ్ విద్యార్థులకు విద్యార్థులు, ప్రొఫెసర్ల పేరిట ఇటువంటి వాక్యమే ఇస్తే నూటికి 37 మంది తప్పు వ్రాశారని 1981లో ఒక పరిశోధన వ్యాసము వెలువడింది. కారణమేమంటే ‘మే’ అనగానే మేక కళ్లకు కనబడుతుంది. ఆ అక్షరము మేక కాదు, మేకల లెక్క. అందుకే ఎక్స్ = పుంజు అని వ్రాయనివ్వకండి; ఎక్స్ = ఒక పుంజు ధర, రూపాయలలో అని పూర్తిగా వ్రాయించండి. ఆ ఒక్క వరుసతోనే సగము తప్పులు పోతాయి.

తలిదండ్రులు చేయగలిగినది ఇక్కడే. లెక్కను బిడ్డచేత పైకి చదివించండి. పుస్తకము మూయించి, అదే సంగతిని సొంత మాటలలో చెప్పమనండి. ఏది తెలియదు, ఏది దేనితో సమానము అని అడగండి. దీనికి మీరు బడికి వెళ్లి ఉండనవసరము లేదు. జవాబు వచ్చాక దానిని సమీకరణములో కాదు, కథలోనే పెట్టి చూడమనండి. సమీకరణమే తప్పైతే జవాబు అందులో చక్కగా ఇముడుతుంది, కథలో మాత్రము ఇమడదు.

లెక్కను కథగా చెప్పడం మన దేశములో పాత అలవాటే. మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలో చెప్పాడు. 1150లో భాస్కరాచార్యుడు వ్రాసిన లీలావతిలో తుమ్మెదల లెక్క ఒకటి ఉన్నది. గుంపులో ఐదవ వంతు కడిమి పూలకు, మూడవ వంతు మరొక పూలకు వెళ్లాయి. ఆ రెండు వంతుల తేడాకు మూడింతలు కొడిసె పూలకు పోయాయి. ఒక్క తుమ్మెద మాత్రము గాలిలో తిరుగుచున్నది. మొత్తము 15 అని జవాబు: మూడు, ఐదు, ఆరు, ఒకటి. మొత్తాన్ని ఎక్స్ అనుకొని సమీకరణము వ్రాయడం మీ పదవ తరగతి బిడ్డ పని.

చిన్నవారి కొరకు ఇంకొకటి. దొడ్డిలో కోళ్లు, మేకలు కలిసి ఉన్నాయి. తలలు 20, కాళ్లు 56. కోళ్లెన్ని, మేకలెన్ని? జవాబు మేమిక్కడ వ్రాయడం లేదు. రాత్రి భోజనమైన తరువాత అందరూ కూర్చుని చేయండి. వచ్చిన సంఖ్యలతో తలలు, కాళ్లు లెక్కించి చూస్తే ఒప్పో తప్పో మీకే తెలుస్తుంది.